హార్స్‌పవర్ కూడా ఒక బెంచ్‌మార్క్ స్కోరే: తక్కువ బడ్జెట్‌లో ట్రాక్ కారు తయారు చేసుకునేవాళ్లకి ఒక మాట

ఫోన్ రివ్యూలు చదివే అలవాటున్న వాళ్లకి ఈ విషయం కొత్తగా చెప్పక్కర్లేదు. అన్‌టుటు స్కోరు ఒక్కటే చూసి ఫోన్ కొంటే బోల్తా పడతాం. మొదటి రన్‌లో స్కోరు అదిరిపోతుంది. ఇరవై నిమిషాలు గేమ్ ఆడేసరికి ఫోన్ వేడెక్కి, ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు పడిపోతాయి. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారని, ఫోన్ అసలు సత్తా తెలిసేది అప్పుడేనని మనందరికీ తెలుసు. ఇంత తెలిసిన మనమే కారు దగ్గరికొచ్చేసరికి మళ్లీ అదే పొరపాటు చేస్తున్నాం.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల బేస్‌మెంట్ పార్కింగుల్లో కాసేపు నిలబడండి. ఈ మాటలు వినిపిస్తాయి: "అన్నా, సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా తీస్కున్నా. ఈ నెల స్టేజ్ 1 కొట్టిస్తా, బోనస్ రాగానే స్టేజ్ 2. తర్వాత ట్రాక్‌కి పోదాం." ప్లాన్ బాగానే ఉంది. వరస మాత్రం తలకిందులుగా ఉంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. జేబులో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు, హార్స్‌పవర్ మీద పెట్టే రూపాయి మీరు ఖర్చు పెట్టే చివరి రూపాయి కావాలి. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, ఆ తర్వాత నడిపేవాడి చెయ్యి. ఈ నాలుగూ అయ్యాకే ఇంజిన్. ఇది పిరికి సలహా కాదు, ల్యాప్ టైమ్ తగ్గించే సలహా. పైగా మన రోడ్ల మీద ఇంకొకరి ప్రాణం తీయకుండా ఉండే సలహా కూడా.

మన దగ్గర మజిల్ కార్ అంటే ఏది?

మజిల్ కార్ అమెరికా మాట. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో ఆ పేరు ఊపందుకుంది. మధ్య రకం సైజు కారు, అందులో పెద్ద వీ8 ఇంజిన్. తిన్నటి రోడ్డు మీద పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, పక్కవాడికంటే ముందు దాటడమే దాని పని. మలుపు వస్తే సంగతేంటన్నది ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మన షోరూముల్లోకి వచ్చిన అసలు సిసలు మజిల్ కార్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. 2016లో వచ్చినప్పుడు 5 లీటర్ల వీ8, 401 పీఎస్ పవర్, ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 65 లక్షలు. బడ్జెట్ అనే మాటకీ దానికీ చుట్టరికం లేదు. అందుకని ఐటీ కారిడార్ తనకంటూ ఒక మజిల్ కార్‌ని వెతుక్కుంది. సెకండ్ హ్యాండ్‌లో అయితే 180 పీఎస్ ఆక్టేవియా 1.8 టీఎస్ఐ, లేదంటే పోలో జీటీ టీఎస్ఐ. కొత్తదైతే 150 పీఎస్ వర్టస్, స్లావియా 1.5, లేదా 160 పీఎస్ వెర్నా టర్బో.

ఇవేవీ వీ8 కావు. కానీ ఆలోచన అదే: ఇంట్లో వాళ్లని తీసుకెళ్లే మామూలు కారు, దానికి కొంచెం ఎక్కువైన ఇంజిన్. ఇంకో పోలిక కూడా ఉంది. బరువంతా ముందు వైపే. పైగా మనవి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు. ముందు రెండు టైర్లే బండిని లాగాలి, అవే తిప్పాలి, బ్రేక్ వేసినప్పుడు బరువులో ఎక్కువ భాగం అవే మోయాలి. పెళ్లింట్లో ఒకే మనిషి వంట చేసి, వడ్డించి, గిన్నెలు కూడా కడిగినట్టు. ఆ మనిషికి సాయం చెయ్యకుండా ఇంకో యాభై మంది అతిథుల్ని పిలవడమే రీమ్యాప్.

మలుపుకి ఇంజిన్‌తో పనిలేదు

చిన్న లెక్క చూద్దాం. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు ఒకటి ఉందనుకోండి. మీ టైరుకి రోడ్డు మీద పట్టు 0.8 అయితే, ఆ మలుపులో జారకుండా పోగల గరిష్ఠ వేగం గంటకి సుమారు 71 కిలోమీటర్లు. మంచి టైరు వేసి ఆ పట్టుని 1.0కి తీసుకొస్తే అది దాదాపు 80 అవుతుంది. ఈ లెక్కలో హార్స్‌పవర్ అనే మాటే రాలేదు. 100 పీఎస్ కారైనా, 400 పీఎస్ కారైనా అదే వేగం.

ఆ 9 కిలోమీటర్లు మలుపుతోనే అయిపోవు. మలుపు నుంచి 80లో బయటికొచ్చిన కారు, 71లో వచ్చిన కారుకంటే ముందే స్ట్రెయిట్ అందుకుంటుంది. ఆ తేడా స్ట్రెయిట్ చివరిదాకా దాంతోనే ఉంటుంది. అంటే మంచి టైరు మీకు మలుపులో గ్రిప్ ఇవ్వడంతో ఆగదు, స్ట్రెయిట్‌లో ఉచితంగా పవర్ ఇచ్చినట్టే.

దీనికి మన ఊళ్లోనే ఒక సాక్ష్యం ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.83 కిలోమీటర్ల సర్క్యూట్, 18 మలుపులు. ఆ జెన్3 కార్లకి గరిష్ఠంగా 350 కిలోవాట్లు, అంటే దాదాపు 470 హార్స్‌పవర్. నియమాల ప్రకారం అందరికీ ఒకే గరిష్ఠ పవర్. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో ఏం చేశాడు? మిగిలిన కాస్త బ్యాటరీని పొదుపుగా వాడుకుంటూ, వెనకే తరుముతున్న నిక్ కాసిడీకి దారివ్వకుండా ముగింపు గీత దాటాడు. ఎక్కువ పవర్ ఉండి గెలవలేదు, ఉన్నదాన్ని ఎక్కడ వాడాలో తెలిసి గెలిచాడు. నాలుగు పదులు దాటిన బ్యాటరీ శాతంతో సాయంత్రం దాకా ఫోన్ నెట్టుకొచ్చే మనకి ఇది అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది?

నా మూడో ల్యాప్

ఇక నా సొంత అనుభవం. నేను కూడా ఇదే తప్పు చేశాను కాబట్టి చెబుతున్నా.

బోనస్ డబ్బులతో రీమ్యాప్ చేయించాను. సీటుకి అతుక్కుపోయే ఆ లాగుడు చూసి వారం రోజులు నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి ట్రాక్ డే కోసం వెళ్లాను. 3.717 కిలోమీటర్ల ట్రాక్, 12 మలుపులు. మొదటి ల్యాప్ జాగ్రత్తగా, రెండో ల్యాప్ హుషారుగా. మూడో ల్యాప్‌లో బ్రేక్ పెడల్ స్పాంజిలా మెత్తబడి లోపలికి పోయింది. బండి ఆగింది గానీ నేను అనుకున్న చోట ఆగలేదు. పక్కనున్న ఖాళీ నేల కాపాడింది. ఎవరి తప్పూ కాదు, నాదే. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి మూడేళ్లయింది. ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌కి వేలకి వేలు పెట్టినవాణ్ని, వెయ్యి రూపాయల ఫ్లూయిడ్ సంగతి మర్చిపోయాను.

ఆ రోజు నాకంటే చాలా తక్కువ పవర్ ఉన్న ఒక పాత హ్యాచ్‌బ్యాక్ నన్ను దాటి వెళ్లింది. దానికి ఉన్నవి మంచి టైర్లు, మంచి ప్యాడ్లు, పదిసార్లు ఆ ట్రాక్ మీద తిరిగిన డ్రైవరు. అంతే.

పెడల్ ఎందుకు మెత్తబడిందో లెక్క చూస్తే తెలుస్తుంది. డ్రైవరుతో కలిపి 1330 కిలోలున్న కారు 150 వేగం నుంచి 70కి తగ్గాలంటే బ్రేకులు సుమారు 900 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. రీమ్యాప్ వల్ల అదే స్ట్రెయిట్ చివర 170 అందుకున్నారనుకోండి. అప్పుడు 1230 కిలోజౌళ్లు. వేగం పెరిగింది 13 శాతం, బ్రేకుల మీద భారం పెరిగింది 36 శాతం. డిస్కులు అవే, ప్యాడ్లు అవే. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి పాత కూలరే ఉంచితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, ఆవిరిని నొక్కితే అణుగుతుంది, పెడల్ నేలకి తాకుతుంది. సిటీ ట్రాఫిక్‌లో ఈ సంగతి ఏళ్ల తరబడి బయటపడదు. ట్రాక్ మీద మూడు ల్యాపులు చాలు.

స్టేజ్ 1 అసలు ఏం చేస్తుంది?

రీమ్యాప్ దండగ అని నేననట్లేదు. టర్బో కారులో ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చి బూస్ట్, ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్ సర్దితే పవర్ నిజంగానే పెరుగుతుంది. పెట్టిన డబ్బుకి డైనో షీట్ మీద ఇంతకంటే పెద్ద అంకె ఇచ్చే మాడిఫికేషన్ ఇంకోటి లేదు. అందుకే అందరూ దీంతోనే మొదలుపెడతారు. కానీ ఆ షీట్ చెప్పని సంగతులు నాలుగున్నాయి.

మొదటిది గేర్‌బాక్స్. పైన చెప్పిన ఆక్టేవియా 1.8 ఆటోమేటిక్, వర్టస్, స్లావియా 1.5 డీఎస్‌జీ, వీటన్నిటిలో ఉండేది డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్స్. దాని డిజైన్ హద్దు 250 ఎన్‌ఎమ్ టార్క్. కంపెనీ ఇచ్చిన టార్క్ ఎంత? సరిగ్గా 250. అది యాదృచ్ఛికం కాదు, ఇంజినీర్లు గీసిన గీత. స్టేజ్ 1 ఆ గీతని దాటించి 300 పైకి తీసుకెళ్తుంది. కొన్నాళ్లు ఏమీ కాదు. తర్వాత క్లచ్ ప్యాక్ బిల్లు వస్తుంది, అది రీమ్యాప్ బిల్లుని మింగేస్తుంది.

రెండోది వేడి. డైనో మీద బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి తీసిన అంకె ఒక్క పరుగుది. మే నెల ఎండలో ఇరవై నిమిషాల సెషన్ చేస్తే ఇంటర్‌కూలర్ వేడెక్కి, లోపలికి పోయే గాలి వేడెక్కి, నాకింగ్ రాకుండా ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతుంది. అచ్చం థర్మల్ థ్రాట్లింగే. మీరు డబ్బు పెట్టి కొన్న ఆ 40 పీఎస్ ఐదో ల్యాప్‌కి ఎంత మిగులుతుందో ఎవరూ షీట్ మీద రాసివ్వరు.

మూడోది చట్టం. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న తయారీదారు స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని చేర్చారు.

నాలుగోది ఇన్సూరెన్స్. మీ పాలసీ కాగితంలో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అనే పేరా ఒకసారి చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాటికి కవర్ లేదని అందులోనే ఉంటుంది. అంటే ట్రాక్ మీద గోడకి కొడితే ఆ ఖర్చు మీదే. రోడ్డు మీద కొట్టినా, చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్‌కి అడ్డం పడొచ్చు.

2 లక్షలుంటే నేనెలా ఖర్చు పెడతాను?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఆ లిస్టులో ప్రాజెక్ట్ కారు కూడా కలుపుకోవచ్చు. కారు మీ దగ్గర ఉందనుకుని, 16 అంగుళాల చక్రాలున్న మామూలు టర్బో కారుకి నా లెక్క ఇది. ధరలు సుమారుగా వేసినవి, కారుని బట్టి మారతాయి.

టైర్లు, 45,000: నాలుగూ ఒకేసారి, ఒకే మోడల్. 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి కాబట్టి విదేశీ వీడియోల్లో చూసిన ట్రాక్ టైరు మన సైజులో దొరక్కపోవచ్చు. దొరికేవాటిలో మంచి పెర్ఫార్మెన్స్ టైరు తీసుకోండి. సైజు పెంచే మోజు వద్దు. 18 అంగుళాల బరువైన అల్లాయ్‌లు ఫొటోలకి బాగుంటాయి, చక్రం బరువు పెరిగి సస్పెన్షన్ పని కష్టమవుతుంది.

బ్రేక్ ప్యాడ్లు, ఫ్లూయిడ్, 15,000: ముందు చక్రాలకి వేడి తట్టుకునే ప్యాడ్లు, కొత్త డాట్ 4 లేదా 5.1 ఫ్లూయిడ్. పెద్ద ఎర్ర క్యాలిపర్లు ఇప్పుడే అక్కర్లేదు. మామూలు క్యాలిపర్‌కి ఎర్ర రంగు వేయడం అసలే అక్కర్లేదు.

షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, 30,000: లక్ష కిలోమీటర్లు తిరిగిన కారులో ఇవి అరిగిపోయి ఉంటాయి. కంపెనీ భాగాలే కొత్తవి వేస్తే కారు సగం మారిపోతుంది. స్ప్రింగులు కోయించి కారు కిందికి దించే పని మాత్రం చేయకండి. కోసిన స్ప్రింగుతో మలుపులో సస్పెన్షన్ కదలడానికి చోటు లేక బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది, టైరు ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

అలైన్‌మెంట్, క్యాంబర్ బోల్టులు, 3,000: మొత్తం లిస్టులో రూపాయికి ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే. ముందు చక్రాల పైభాగం కొంచెం లోపలికి వంచితే మలుపులో టైరు మొత్తం నేలకి ఆనుతుంది, కారు బయటికి నెట్టుకుపోవడం తగ్గుతుంది.

హెల్మెట్, 20,000: ఇందులో బేరం లేదు.

జీపీఎస్ రిసీవర్, ఓబీడీ, 12,000: దీని గురించి కింద చెబుతాను.

ట్రాక్‌కి రెండు ట్రిప్పులు, 60,000: ఇది చాలామంది లెక్కలో ఉండనే ఉండదు. నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా ఒంగోలు, నెల్లూరు దాటి ఇరుంగాట్టుకోట్టైకి దాదాపు 650 కిలోమీటర్లు. పెట్రోలు, గది, ట్రాక్ ఫీజు, అరిగిన ప్యాడ్లు. ఎంత గొప్ప కారైనా ట్రాక్ దాకా వెళ్లకపోతే అది పార్కింగ్‌లో కబుర్లకే పనికొస్తుంది.

మొత్తం 1,85,000. మిగిలిన 15,000 ముట్టుకోకండి. ఏదో ఒకటి విరుగుతుంది.

ఈ లిస్టులో రీమ్యాప్ లేదని గమనించే ఉంటారు. పుత్లీబౌలీలో పాత పార్టుల కోసం తిరుగుతున్నప్పుడు ఒక మెకానిక్ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఇంజిన్ల ఏం తక్కువైంది అన్నా? ఉన్న పవరే నేల మీద పడ్తలేదు. ముందు టైర్లు చూస్కో." ఆయన ఏ డైనో షీటూ చూడలేదు. అరిగిన నా ముందు టైర్ల అంచులు చూశాడు, అంతే.

జేబులో ఉన్న టెలిమెట్రీ

ఈ సైట్ చదివేవాళ్లకి ఇక్కడ ఒక లాభం ఉంది. ఒకప్పుడు రేసింగ్ టీముల దగ్గరే ఉన్న డేటా ఇప్పుడు మీ ఫోన్‌లో దొరుకుతుంది. రేస్‌క్రోనో లాంటి యాప్ వేసుకుంటే ల్యాప్ టైమ్, ఎక్కడ బ్రేక్ వేశారు, మలుపులో కనిష్ఠ వేగం ఎంత, అన్నీ గీతల్లో కనిపిస్తాయి.

ఒక చిక్కుంది. మామూలుగా ఫోన్‌లోని జీపీఎస్ సెకనుకి ఒకసారే చోటు చెబుతుంది. 150 వేగంలో కారు సెకనుకి దాదాపు 42 మీటర్లు పోతుంది. అంటే రెండు చుక్కల మధ్య 42 మీటర్ల చీకటి, మీ బ్రేకింగ్ పాయింటు అందులోనే ఎక్కడో ఉంటుంది. సెకనుకి 10 సార్లు చదివే బ్లూటూత్ రిసీవర్ కలిపితే ఆ దూరం 4 మీటర్లకి తగ్గుతుంది. ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొన్నా తీరని లోటు, ఈ చిన్న డబ్బాతో తీరుతుంది.

ఓబీడీ డాంగిల్‌తో కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్ రికార్డు చేయండి. ఇంజిన్ ఎన్నో ల్యాప్‌లో వెనక్కి తగ్గుతుందో అంకెల్లో కనిపిస్తుంది. అది చూశాక చాలామందికి స్టేజ్ 2 కంటే ముందు కూలింగ్ గురించి ఆలోచన వస్తుంది. ఫోన్‌ని మాత్రం గట్టి మౌంట్‌లో బిగించండి. డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెడితే అది కూడా వేడెక్కి ఆరిపోతుంది. వదులుగా ఉంటే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు మీ మొహం మీదకో, కాలి కింద పెడల్స్ మధ్యకో వస్తుంది.

డబ్బు ఇంకా తక్కువైతే మొదటి బడి గో-కార్ట్ ట్రాకే. బరువు ఎటు మళ్లుతోంది, టైరు ఎప్పుడు జారుతోంది అన్నది గంటలో ఒంటికి తెలుస్తుంది. సెడాన్‌లో అది తెలియడానికి నెలలు పడుతుంది.

రోడ్డు మీద తీర్చుకునే సరదా

ఇప్పుడు అసలు మాట. రీమ్యాప్ ముందు, ట్రాక్ తర్వాత అనుకున్న ఎన్ని కార్లు నిజంగా ట్రాక్ దాకా వెళ్తున్నాయి? డబ్బంతా ఇంజిన్‌కి అయిపోతుంది. టైర్లకీ ట్రిప్పుకీ మిగలదు. కానీ ఆ పవర్ చేతిలో ఉంటే ఊరికే ఉండనివ్వదు. అర్ధరాత్రి షిఫ్ట్ అయ్యాక ఖాళీగా కనిపించే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు, కొత్త ఫ్లైఓవర్లు, ఓఆర్ఆర్ పిలుస్తాయి. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ మీద మొదటి రెండు లేన్లకి 120 దాకా అనుమతి ఉంది. 200 పీఎస్ దాటిన కారుకి అది ఆవలింతలాంటిది.

2019 నవంబర్ 23 గుర్తుందా? బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ తెరిచి నెల కూడా కాలేదు. 40 కిలోమీటర్ల పరిమితి ఉన్న వంపులోకి ఒక కారు 100 దాటిన వేగంతో వచ్చిందని పోలీసులు చెప్పారు. అది గోడ దాటి కింద రోడ్డు మీద పడింది. కింద ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఆమెకి కారు రేసులతో ఏ సంబంధమూ లేదు. ఆ కారుకి రీమ్యాప్ ఉందని నేననట్లేదు, దాని అవసరమే లేదని అంటున్నాను. షోరూమ్ నుంచి వచ్చిన మామూలు కార్లకే మన వంపులు తట్టుకోలేని వేగం ఉంది. పైన చేసిన మలుపు లెక్క ఫ్లైఓవర్ మీద కూడా అదే. పట్టు దాటిన తర్వాత 150 పీఎస్ అయినా 250 అయినా బయటికే పోతుంది. ట్రాక్ మీద బయట ఖాళీ నేల ఉంటుంది. మాదాపూర్‌లో బస్సు కోసం నిలబడ్డ మనుషులుంటారు.

తప్పంతా కుర్రాళ్లదే అని కూడా అనను. ఫార్ములా ఈ కోసం ఊరి మధ్యలో సర్క్యూట్ వేయగలిగాం. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. ఆ హడావుడిలో మామూలు కారున్న మామూలు మనిషికి మిగిలిందేమీ లేదు. పెద్ద సర్క్యూట్ అడగట్లేదు. హైటెక్స్ లాంటి చోట పార్కింగ్ మైదానం, ఆదివారం పొద్దున నాలుగు గంటలు, రబ్బరు కోన్లు, ఒక అంబులెన్సు, టైమర్. ఆటోక్రాస్ అంటే ఇంతే. ఒక్కో కారు విడిగా పోతుంది, వేగం రెండో గేరు దాటదు, అయినా ఎవరికి నడపడం వచ్చో నిమిషంలో తేలిపోతుంది. కంపెనీలు క్రికెట్ టోర్నమెంట్లకి మైదానాలు బుక్ చేస్తున్నాయి కదా, ఏడాదికోసారి దీనికి కూడా చేయొచ్చు.

"ట్రాక్‌కి ఏడాదికోసారే వెళ్తాం, మిగతా 364 రోజులు ఆ లాగుడు ఎంజాయ్ చేయొద్దా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పొడవైన స్ట్రెయిట్ ఉన్న ట్రాక్ మీద పవర్ నిజంగా ల్యాప్ టైమ్ తగ్గిస్తుంది, అదీ ఒప్పుకుంటాను. కానీ మంచి టైర్లు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు కూడా 365 రోజులూ పనిచేస్తాయి. వానలో మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర ముందు ఆటో ఒక్కసారిగా ఆగినప్పుడు మీకు అక్కరకొచ్చేది ఆ లిస్టే, డైనో షీట్ కాదు. రెండు ట్రిప్పులయ్యాక, మీ డేటా చూసుకుని, స్ట్రెయిట్‌లో తప్ప ఇంకెక్కడా టైమ్ పోవట్లేదని తేలితే అప్పుడు ఇంజిన్ మీద చేయి వేయండి. ఆ కారుని ట్రాక్‌కే ఉంచండి. అప్పటికి మీకు ఆ పవర్‌ని ఆపడం కూడా వచ్చి ఉంటుంది.

అందాకా ఒక చిన్న పని. రీమ్యాప్ కోటేషన్ అడిగే ముందు పార్కింగ్‌లోకి దిగి, టైరు పక్కన డాట్ అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరన్నమాట. మీ టైరు మీద కూడా అలాంటి అంకె ఉంటే, మీ మొదటి అప్‌గ్రేడ్ ఏంటో ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.